ఎర్ర రంగు చుక్క

డిసెంబరు నుంచీ మా కొండ మాట పాడైంది.
మిలోయ్కా మెల్లగా మాట్లాడుతుంది, ఆమె బాగానే వినిపిస్తుంది.
స్రెచ్కో నోరు తెరిస్తే మాత్రం
గోనెపట్టా చించినట్టు
ప్రతి మాటా అంచుల దగ్గర చిరిగిపోతుంది.
మేక ఈనిందన్నాడో మేడ కూలిందన్నాడో
లోయలో సగంమందికి తెలియలేదు.

"ట్రాన్స్‌మిటర్ ముసలిదైపోయింది" అన్నారు క్లబ్బులో.
ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు
పలికేదాన్నే అందరూ తిట్టారు.
వినేదాన్ని ఎవరూ అనుమానించలేదు.

శనివారం నేనెక్కాను.
బుర్యా గాలి నాతో కలిసి తలుపు తెరిచింది,
మూయడానికి మాత్రం ఒప్పుకోలేదు.
లోపల ఎలుకల వాసన, బ్యాటరీ వాసన,
మేకుకి బోగొమిర్ ఉన్ని టోపీ.
ఆయన పోయి రెండేళ్లు.
టోపీ తీయడం ఎవరి పనుల జాబితాలోనూ లేదు.

ముందు ట్రాన్స్‌మిటర్ తీగ పీకేశాను.
రిసీవర్ కడుపులోంచి నేరుగా చెవికి పెట్టుకున్నాను.
"పది దాకా లెక్కపెట్టు స్రెచ్కో."
పెట్టాడు, ఎప్పట్లాగే ఏడు మర్చిపోయి.
ఐదు దగ్గరే చిరిగింది.
అంటే తప్పు నోటిది కాదు, చెవిది.

యాంటెన్నా కనెక్టర్ విప్పి చూశాను: పచ్చటి చిలుము లేదు.
ఎండిన కెపాసిటర్లు రెండు మార్చాను: తేడా లేదు.
సౌండు తగ్గించి చూశాను:
చిరుగు పోలేదు, చిన్నదైందంతే.

అప్పుడు జనరేటర్ నుంచి ఒకే స్వరం పంపి
ఆసిలోస్కోప్ తెర ముందు కూర్చున్నాను.
ఆకుపచ్చ అల.
కింద నిండుగా గుండ్రం.
పైన మాత్రం ఎవరో కత్తిపీటతో కోసినట్టు చదును.
రెండువైపులా తెగితే
అరిచేవాడు మరీ అరుస్తున్నాడని.
ఒకవైపే తెగితే
వినేవాడు పక్కకి జరిగి కూర్చున్నాడని.

సున్నా మీద నిలవాల్సిన ముల్లు
రెండున్నర కిలోహెర్ట్జ్‌లు కిందికి చూపించింది.
అర, చలి చేసిన పని.
మరి రెండు?

మూత విప్పాను.
క్రిస్టల్ పక్కన సన్నటి మర,
దాని తల మీద గోళ్ల రంగు చుక్క, ఎర్రగా, గట్టిగా.
జారిపోయిన మర కాదు. ఎవరో కావాలని తిప్పి సీలు వేసిన మర.
మూత లోపలివైపు పెన్సిల్‌తో:
"ఓజ్బెయ్ కోసం. కదపకండి. బో."

ఓజ్బెయ్‌కి ఎనభై ఒకటి.
బిస్కెట్ డబ్బాలో తనే కట్టుకున్న సెట్టు,
పుట్టినప్పటినుంచీ రెండు కిలోహెర్ట్జ్‌లు కిందే.
ఎవరైనా చెప్పబోతే
"నాది సరిగ్గానే ఉంది, లోకమే పైకి జరిగింది" అంటాడు.

ఆ ముసలాయన కోసం
బోగొమిర్ మొత్తం కొండ చెవినే పక్కకి తిప్పాడు.
పదకొండేళ్లు మేమందరం
బల్ల అంచు మీద కూర్చుని మాట్లాడాం, తెలియకుండానే.
ఈ చలికాలం ఆ అర జరగ్గానే
గట్టిగా మాట్లాడేవాళ్లం కింద పడ్డాం.

బ్లేడు తీశాను. చాలాసేపు పట్టుకునే కూర్చున్నాను.
తర్వాత గీకాను.
పావు తిప్పు, అందులో సగం.
అల తల గుండ్రమైంది.
"మూడు పిల్లలు! ఒకటి నల్లది!" స్రెచ్కో గొంతు,
మేకల అరుపుతో సహా, ఒక్క పీచూ రేగకుండా.

చీకటి పడ్డా దిగలేదు.
ఏడింటికి ఓజ్బెయ్ వచ్చాడు,
ఇసుకలో ఈడ్చిన రేకులా.
"అందరూ ఇవాళ ఎంత బాగున్నారు!
నేనెలా వినిపిస్తున్నాను?"

ఎవరూ పలకలేదు.
రిపీటర్ తోక బుసకొట్టి ఆగిపోయింది.
పక్క గదిలో ఫ్యాను తిరుగుతోంది.

నేను బటన్ నొక్కాను.
"ఓజ్బెయ్, రేపు మీ ఇంటికొస్తున్నా. కాఫీ పెట్టు."
"పెడతా. దేనికి?"
"నీ డబ్బా చూడాలని ఉంది."
"దానికేం రోగం?"
"రోగం కాదు. లోకం పైకి జరిగిందన్నావుగా,
దాన్ని కొలిచే మీటరొకటి తెస్తున్నా."

నవ్వాడో దగ్గాడో, ఆ చిరుగులో తేలలేదు.

బోగొమిర్ రాత చెరపలేదు.
దాని కిందే, వేళ్లు కొంకర్లు పోతుంటే, రాశాను:
"మధ్యకి తెచ్చాను. ఓజ్బెయ్ సంగతి నేను చూసుకుంటా."
నా దగ్గర గోళ్ల రంగు లేదు.
మర తల మీద కొవ్వొత్తి మైనం ఒక చుక్క పోసి
మూత బిగించాను.