రెండో వరస, ఎడమ నుంచి నాలుగు

మంగళారం మ్యాట్నీ. చిత్తూరు టౌను మొత్తానికి
ఆ సినిమాకి పద్నాలుగు మందిమి.
తెరమీద ఏదో పరాయి ఊరి పిల్లోళ్లు,
తెల్ల చొక్కాలు, బృందగానం,
వాళ్ల ముందర చెయ్యెత్తిన మాస్టారు.
ఆ చెయ్యి ఇంకా దిగనే లేదు,
నా ఎడమ చెవి కాలింది.

మా సారు పేరు వజ్రవేలు.
కొట్టేవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాల.
హార్మనీ మెట్టు మీద ఒక వేలు పెట్టి
తప్పు పాడిన పిల్లని నిలబెట్టి
మిగతా ముప్పైమందినీ చెవులు మూసుకోమనేవాడు.
మేం మూసుకునేవాళ్లం.
నన్నైతే రెండేండ్లు,
"నువ్వు పెదాలు ఆడించు చాలు, గొంతు రానీయొద్దు" అన్నాడు.
ఆడించినా.
ఆగస్టు పదైదుకి కలెక్టరాఫీసులో
నోరంతా తెరిచి గాలి పాడినా.
మాయమ్మ ముందర కుర్చీలో కూర్చోని
నా గొంతు వేరుగా తెలస్తా ఉందని కండ్లు తుడుచుకునింది.
ఫోటో ఉండాది. రెండో వరస, ఎడమ నుంచి నాలుగు.
అయిదో మనిషి మొగిలీశ్వరి.

ఎవురు ఢిల్లీకి పోవాల, ఎవురు పెరుగు మానేయాల,
ఎవురు ఎవురితో మాట్లాడకూడదు,
అన్నీ ఆయన శృతి పెట్టెలోనే ఉండేవి.
మా నాయన గుజ్జు ఫ్యాక్టరీలో హమాలీ.
మొదటి బేనీషా కాయలు
సారింటికి పోయినాంకనే మా ఇంట్లోకొచ్చేవి.

మొగిలీశ్వరికి గొంతుండింది.
ఆ పిల్ల పైస్థాయి అందుకుంటే
కింద రోడ్డులో కాట్పాడి బస్సుకని నిలబడినోళ్లు
ఒక బస్సు వదిలేసేవాళ్లు.
అందరూ పోయినాంక ఆ పిల్లని ఉండమనేవాడు,
శృతి సరిచేయాలని.
తలుపు దగ్గరికేసేవాడు.
మేం చాపలు చుట్టేవాళ్లం,
ఎంత బిరీన చుట్టచ్చో అంత బిరీన.

ఒక సోమారం మొగిలీశ్వరి రాలేదు.
"గొంతు పోయింది పాపం ఆ పిల్లకి" అన్నాడు సారు.
బళ్లో అడిగితే మేం అదే చెప్పినాం,
వాళ్ల వీధిలో అదే, ఇంట్లో అదే.
ముప్పైమందిమి, ఒకటే మాట,
ఒక్కరం అపశృతి పలకలేదు.
ఆయన నేర్పినవాటిల్లో
తప్పు లేకుండా మేం పాడింది అదొక్కటే.
దానికి మాత్రం
నా గొంతు కూడా కలపనిచ్చినారు.

తెరమీద పిల్ల లేచి నిలబడి చెప్పేసింది.
అప్పుడు వయోలిన్లు పెట్టినారు.
పెట్టకుండా ఉండాల్సింది.
వెనక సీట్లో ఎవురో మురుకులు కొరకతా ఉండారు,
అది నయం.

మొన్న టౌన్ హాల్లో సారుకి శాలువా కప్పినారు.
నేనూ చప్పట్లు కొట్టినా. అలవాటు.

చీకట్లోంచి ఎండలోకొచ్చి
ఇంటికి పోకుండా ఫ్యాక్టరీకి పోయినా.
మొగిలీశ్వరి తలకి గుడ్డ కట్టుకోని
కాయలు ఏరతా ఉండాది,
మచ్చ కాయ బుట్టలోకి, మంచి కాయ బెల్టు మీదికి.
సినిమా కత చెప్పినా. చెయ్యి ఆపలేదు.
"తర్వాత ఆ పిల్ల పాడిందా?" అనింది.
"చూపించలేదు. పేర్లు వచ్చేసినాయి."
"ఊఁ."

"ఆ పొద్దు తలుపు కాడ
కడాకు చాప చుట్టింది నేనే, మొగిలీ."
ఇరవై మూడేండ్లు పెదాలతో ఆడించిన మాట,
గొంతు తగిలింది ఈ పొద్దే.

"తెల్సు" అనింది.
"నీ ఎడం కాలి పట్టీకి ఒక గజ్జె పగిలుండేది గదా,
ఆ సద్దు వేరే.
మెట్లు దిగి పోయేదాకా వినపడతానే ఉండింది."

ఇంకో లారీ వెనక్కొచ్చింది. కాయలు దొర్లినాయి.
మొగిలీశ్వరి కొంచెం జరిగింది,
నాకు చోటిచ్చిందో
నా నుంచి జరిగిందో.