రెండో ప్రూఫు

నూట పన్నెండో పేజీలో
'కల' పక్కన ఎవరో సున్నా పెట్టారు.
కలం అయి కూర్చుంది.
ఎర్ర సిరాతో కొట్టేశాను.
మస్తాను కంప్యూటర్లో చూసి
"ఇక్కడ సున్నా లేదక్కా" అన్నాడు.
మళ్లీ చూశాను. సున్నా జరిగింది,
కింది లైను మీదికి, మార్జిన్లోకి,
అక్కణ్ణుంచి గోడ మీది క్యాలెండరులోకి.

పద్నాలుగేళ్లుగా నాకు సూదితోనే కాపురం.
పొట్ట మీద ఏ చోటు ఏ పూటకో కంఠతా వచ్చు.
ఇప్పుడు మాత్రం గుచ్చే ముందు
"కాస్త జరుగమ్మా" అంటున్నాను లోపలికి,
పిచ్చిదానిలా.

సూర్యారావుపేట ఆస్పత్రి బెంచీ మీద
చుక్కల మందుతో కళ్లు మూసుకుని అందరూ శుక్లాలవాళ్లే.
పక్కనున్న ముసలామె నా పొట్ట తడిమి
"ఎన్నో నెల?" అంది.
ఐదు.
"కడుపుకీ కంటికీ ఏం సంబంధమే!"
మొదట నేనూ అదే అడిగాను.

తెర మీద నా కన్ను, లోపలివైపు.
ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె రంగు.
దాని నిండా ఎర్రటి చుక్కలు, సన్నటి గీతలు.
"ఇవేవీ రెండో నెలలో లేవు" అంది డాక్టరమ్మ.
నాకు నవ్వొచ్చింది.
నా కంటికి ఎవరో ప్రూఫు చూశారు,
నాలాగే మెడ వంచుకుని,
ఒక్క తప్పూ వదలకుండా.

"షుగరు బాగా తగ్గించావు, కానీ మరీ తొందరగా.
ఆ తొందర కంటికి పడలేదు.
కడుపుతో ఉన్నప్పుడు ఈ జబ్బు పరుగెడుతుంది.
కాన్పయ్యాక కొందరిలో వెనక్కి తగ్గుతుంది."
కొందరిలో.
ఆ మాట కింద మనసులోనే గీత గీశాను,
సరిచూడవలసిన మాటలకి అలాగే గీస్తాం.

గురువారం లేజరు.
గడ్డం స్టాండు మీద ఆనిస్తే
ఆకుపచ్చ మెరుపు, మెరుపు, మెరుపు.
నాలుగు వందల దగ్గర లెక్క తప్పాను.
వాక్యాలు లేవు, వట్టి ఫుల్‌స్టాపులు.
నేను పళ్లు బిగించినందుకు కాబోలు
లోపలి మనిషి ఒక తన్ను తన్నింది.

బయటికొస్తే మే నెల బెజవాడ.
విచ్చుకున్న కంటిపాపలోకి ఊరు తెల్లగా దూకింది.
బోర్డుల మీద అక్షరాల్లేవు,
ఏలూరు రోడ్డంతా అచ్చు కాని కాగితం.
ప్రభుదాసు నా తల మీద తువ్వాలు కప్పి
"మెట్టు. ఇంకో మెట్టు. చెరుకురసం బండి,
అది మనకి కాదు" అంటూ నడిపించాడు.

కంట్లో పాప, కడుపులో పాప.
రెంటికీ ఒకే మాట ఎందుకు పెట్టారో.
ప్రూఫు చూసేవాళ్లు
ఇలాంటివి పట్టించుకోకూడదు.

"మూడో ప్రూఫు వేరేవాళ్లకి ఇద్దామా అమ్మా?"
అన్నారు సుబ్బారాయుడు గారు, నా వంక చూడకుండా.
వద్దన్నాను.
ఇప్పుడు వేలు పెట్టి చదువుతున్నాను
ఒక్కో అక్షరం దగ్గరా ఆగి.
తేడా తెలిసిపోయింది:
కన్ను కదిపితే కదిలే సున్నా నాది,
కదలనిది రచయితది.

నూట పన్నెండో పేజీ తీసి
ఆ రోజు నేను కొట్టేసిన 'కల' కింద
వరసగా చుక్కలు పెట్టాను,
ఉన్నది ఉన్నట్టే ఉంచమని.