పట్టూ విడుపూ

అనంతపురం. మే నెల. ల్యాబులో కరెంటు పోయింది.
కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉడుకు.
బల్ల మీద నల్లదారం కండె,
ఒక్కో పోగు వెంట్రుకలో పదోవంతు.
వేలికి గుచ్చుకుంటే కనబడదు,
రాత్రి పులుసన్నం కలిపేటప్పుడు తెలుస్తుంది.

ఒంటరిగా ఈ దారం దేనికీ పనికిరాదు.
జిగురులో మునగాలి, దానితోపాటు గట్టిపడాలి.
కానీ బొగ్గుపోగుకు జిగురంటే పడదు,
నూనె చేతి మీద నీళ్ళలా జారిపోతుంది.
అందుకే మధ్యన ఒక పలుచని పూత,
బళ్ళారి సంతలో
కన్నడమూ తెలుగూ వచ్చిన దళారిలాంటిది.

మొదటి ముక్కకు ఆ పూత కడిగేశాను.
లాగితే పోగులు నున్నగా బయటికొచ్చాయి,
వానపడ్డ చేలో వేరుశనగ పీకినంత సులువుగా,
వేరుకు ఒక్క కాయా లేకుండా.

రెండోదానికి మందు మార్చి, వేడి పెంచి,
మొండిగా పట్టేలా నేనే పూశాను.
లాగే మిషను ముల్లు
ఎన్నడూ పోని గీత దాటింది.
ఆ రాత్రే ఖలందర్ సార్‌కు ఫోన్ చేసి చెప్పాను కూడా.

మరునాడు సుత్తి దెబ్బ.
ఫట్.
సీసాపెంకులా విరిగింది.
పగులు ఈ పక్క దూరి
నేరుగా ఆ పక్క తేలింది,
దారిలో ఒక్కరూ పక్కకు మళ్ళించలేదు.
అంత గట్టిగా పట్టుకున్నవాళ్ళు
అందరూ ఒక్కసారే తెగిపోయారు.
సార్‌కు ఈసారి ఫోన్ చేయలేదు.

ఆదివారం ఉరవకొండ.
తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు సాచి ఉంది.
మా మేనత్త చౌడక్క గంజి కుండ, కుంచె పట్టుకుని
కుక్కల్ని తిడుతూ నడుస్తోంది.
"ఎంత చిక్కన ఉండాలత్తా?" నోటుబుక్కు తెరిచాను.
అత్త నవ్వింది.
బొటనవేలికీ చూపుడువేలికీ గంజి అంటించి
మెల్లగా విడదీసింది. సాగింది, సాగింది, తెగింది.
"తక్కవైతే పోగు రేగుతాది.
ఎక్కవైతే అచ్చు కాడ ఇరుగుతాది.
పట్టుకోనూ తెలియాల, ఇడిసేదీ తెలియాల.
గాలి తడిగుంటే ఇంగో లెక్క."
ఎంత అన్నది మాత్రం చెప్పలేదు.

పట్టంటే చీరనే అనుకుంటూ పెరిగాను,
దానికి విడుపని ఒక జంట ఉందని
మా ఇంట్లో రోజూ తిట్లలో వింటూనే.

ఊరి పైన గాలిమరలు తిరుగుతున్నాయి.
కొన్నిటి రెక్కల్లో ఈ నల్లదారమే ఉంటుందట.
రెక్క వంగుతోంది, మళ్ళీ నిటారవుతోంది.
లోపల ఎక్కడో ఏ పోగు
వెంట్రుకవాసి జారి
బరువును పక్కపోగుకు అప్పజెబుతోందో.

సోమవారం. రిజిస్టరులో 'పూత మందం' గడి.
ఒక అంకె వేసి కొట్టేశాను.
అంతకన్నా చిన్నది వేశాను.
పక్కన పెన్సిలుతో:
ఈ పొద్దు గాలిలో తడి ఎంతో చూడాలి.