తేమ మీటరు

సంతకం పెట్టిన రోజు కర్నూల్లో నలభై మూడు డిగ్రీలు.
బెంగళూరు నుంచి వచ్చినాయన రుమాలు పిండుకుంటా అడిగినాడు:
"మీ ఊరికి వరద ఎన్నేండ్లకొకసారి వస్తాది సార్?"
నవ్వొచ్చింది.
మాకు నీళ్లు రాని ఏండ్ల లెక్కే తెలుసు.

తొమ్మిది లక్షలు కట్టితి.
సుంకులమ్మ గొలుసు తాకట్టుకు నడిచిపాయ.
బదులుగా లారీలో దిగినవి:
ఆరు గాలిమిషన్లు, తేమ పీల్చే డబ్బాలు రెండు,
గోడకు గుచ్చితే అంకె చెప్పే మీటరు,
వీపున కంపెనీ పేరున్న నారింజ చొక్కాలు,
మూడొందల పేజీల పుస్తకం.
నష్టపోయినోళ్లను ఎట్ల పలకరించాలో అందులో ఉండాది.
"అయ్యో" అనకూడదంట.
"మేమొచ్చేశాం" అనాలంట.

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు నా ఏరియా.
ఏ ఇల్లు తడిసినా, ఏ అంగడి కాలినా
నాదే.
స్టాంపు కాగితం మీద అంతగా నాదైంది
ఇంకొకటి లేదు.

"ఎండ ఊరికే చేసే పనిని
నువ్వు బాడుగకు చేస్తావా మద్దిలేటీ?"
టీ అంగడి ఖాజా నవ్వి నవ్వి గ్లాసు ఒలకబోసుకున్యాడు.
వాడు గుడ్డ తీసేలోపే
ఆ టీ ఆరిపాయ.

జూన్, జూలై.
అన్న బుడ్డలు విత్తి మబ్బుకేసి చూస్తాంటే
పక్కన నిలబడి నేనూ చూస్తాంటి.
ఇద్దరమూ అడిగింది వానే.
ఎంత అన్నది మాత్రం
ఆయనకు చెప్పలేదు.

మొదటి ఫోను ఆగస్టులో.
వరద కాదు. రోజా వీధిలో మిద్దె మీద ట్యాంకు పగిలింది.
నారింజ చొక్కా తొడుక్కొని గడప దాటితి.
"మేమొచ్చేశాం" అనబోయి దగ్గితి.
షమీమ్ బేగం, టైలరు.
తడిసిన పెండ్లి బట్టలు కుర్చీల మీద, ఫ్రిజ్ మీద,
కిటికీ కమ్మీల మీద.

మీటరు గుచ్చినా. ముప్పై ఎనిమిది.
క్యాలెండరు పక్కకు తీసినా.
నా తలకంటే జానెడు పైన బొగ్గు గీత,
దాని కింద ఉర్దూలో ఏదో, తెలుగులో తేదీ:
తొమ్మిదో సంవత్సరం అక్టోబరు.
ఆ రాత్రి మేమూ మిద్దె మీదే ఉన్న్యాం.
నీళ్లు తీసినాక గీత గీయాలని
మాకు తోచలేదు.

"అన్నా, అంతా ఆరబెట్టు, సున్నం కొట్టు.
దాని జోలికి మాత్రం పోవద్దు."

మరకలన్నీ పోవాలంటాది పుస్తకం.
నాలుగు దినాలు మిషన్లు అరిచినాయి.
కరెంటు బిల్లు ఎవరిదని కొట్లాడి
సగం సగం అనుకొంటిమి.
సున్నం కుంచె గీత దాకా వచ్చి
కంపచెట్టును చూసిన గొర్రె మాదిరి
చుట్టు తిరిగి పాయ.

ఆఖరి కాగితంలో ఒక గడి:
ఇల్లు పూర్వస్థితికి తేబడినది. అవును, కాదు.
ఏ పూర్వానికి?
పోయిన బేస్తవారానికా, తొమ్మిదికి ముందుకా?
ఆమె సంతకం పెట్టింది. గడి ఖాళీగానే పాయ.
ఎనిమిది శాతం మాత్రం ఖాళీగా పోలేదు, బెంగళూరుకు.

మిషన్లు బండికెక్కిస్తాంటే అన్న ఫోను.
"మన చేన్లో వానరా, వాన!"

"ఎంత?" అంటి.