పట్టీల లేని బల్బు

మడికొండ దాకా వచ్చిందట.
నిన్నట్నించి ఫోన్ల అదే మాట, అదే పచ్చ చుక్క.
మడికొండ నుంచి సోమిడి ఎంత దూరమని,
గట్టిగ పిలిస్తే పలికేంత.

అరచెయ్యంత డబ్బనట, తెల్లగుంటదట.
ఇంట్ల ఉన్నవన్ని దాని మాట వింటయట,
బల్బు, ఫ్యాను, గేటుకాడి గంట, మోటరు.
వింటయో వినయో పట్టీ చూసుకొమ్మన్నరు.
నూట నలభై పేర్లు.
రాత్రి డ్యూటీల చాయ్ చల్లారేదాక చదివిన,
మా బల్బు పేరు దొరకలే.

మా సామాను సంగతి చెప్తే నవ్వుతరు.
హాల్ల ఫ్యాను పెండ్లప్పటిది,
మూడు మీద తిరగదు, నాలుగు మీద ఆగదు.
కూలరు పోచమ్మ మైదాన్ల కొట్టిచ్చిన రేకు డబ్బ,
ఎండకాలం మొదటి దినం కాలితోని తంతెనే లేస్తది.
మోటరుకు పచ్చ బటన్ ఒత్తి
పది లెక్కవెట్టేదాక బొటనవేలు తియ్యద్దు.
ఆ డబ్బకు బొటనవేలు ఉన్నదా
అని అడిగితే
అమ్మే పిలగాడు ఫోన్ పెట్టేసిండు.

నేను కాజీపేట జంక్షన్ల సిగ్నల్ పనిజేస్త.
బల్లార్ష లైను, బెజవాడ లైను, సికింద్రాబాద్ లైను,
ఏ బండికి ఏ బండి తెల్వదు.
పాత రిలేలు టక్కుమంటయి,
కొత్త కంప్యూటరు సప్పుడు చెయ్యదు.
రెంటి నడుమ వైరు ఒక వానకాలం నేనే కట్టిన,
గొడుగు కట్టె మెడకు బుజానికి నడుమ ఇరికిచ్చుకొని.
ఇవి కలవయన్నోళ్లే
తెల్లారి అదే పట్టా మీద బండెక్కి పోయిండ్రు.
అందుకే పట్టీ అంటే నాకు భయం లేదు.
కొద్దిగ ఉన్నది.

ఇది యాకయ్య కోసం.
పదకొండేండ్లు గ్రానైటు మిల్లుల నిలవడి
రాయిని కోసే సప్పుడుకు చెవులిచ్చిండు.
ముందుగాల కుడిది పోయింది.
ఎడమదాన్ల ఇప్పుడు ఈగ తిరిగినట్టు
ఏదో ఒకటి తిరుగుతదట, అంతే.
కుక్కర్ కూత వినవడదు, పప్పు మూడుసార్లు మాడింది.
నల్లా దినం తప్పి దినం అయిదున్నరకు వస్తది,
బిందె నిండి సందంత తడిసి
ఎవలో వచ్చి బుజం తట్టితెనే లేస్తడు.
డ్యూటీ దిగి నేను గేటు కొడితే
కొడుతనే ఉంట.
లోపట టీవీల మనుషులు నోళ్లు ఆడిస్తుంటరు,
వాళ్లకెదురుంగ ఈయన.

ఆయనే ఒక ఉపాయం జేసిండు.
గేటుకు పురుకోస కట్టి, కిటికీలకెల్లి లోపటికి గుంజి,
కుర్చీ ముంగట నా పాత ఎర్రజెండ ఏలాడదీసిండు.
స్టేషన్ల ఎర్రజెండ ఊగితే బండి ఆగాలె,
మా ఇంట్ల ఊగితే మనిషి లేస్తడు.
గాలికి ఊగుతది. పిల్లికి ఊగుతది.
గాలికి లేచిపోయి, గేటు తీసి, ఎవలు లేకుంటే
సందు దిక్కు కొంచెంసేపు చూసి వస్తడు.
ఆయనకు కోపం రాదు.
అదే నాకు కోపం.

డబ్బ వస్తే, గంట మోగంగనే బల్బు నీలం గావాలె.
కుక్కర్‌కు పసుపు.
నల్లాకు ఏ రంగో చానా దినాలు తెగలే.
తెలుపే, నీళ్లకు వేరే రంగుంటదా
అన్నడు యాకయ్య, అవసరమున్నదానికన్న గట్టిగ.
గోడ అవుతల నుంచి సారక్క గూడ
తెలుపే పెట్టుండ్రి అన్నది.

రంగులు మారే ఆ బల్బు హన్మకొండ చౌరస్తాల కొన్న,
ఆరువందల యాభై, డబ్బకన్న ముందే.
తొందరవడ్డ.
దాని పేరే పట్టీల లేదు.
వాపస్ తీసుకోడట, అట్ట చినిగిందట.

రాత్రి దాన్ని కొంగుతోని తుడిచి
హోల్డర్ల తిప్పి స్విచ్చేసిన,
ఊరికెనే, చూద్దామని.
తెల్లగ వెలిగింది, ఏ బల్బైన వెలిగినట్టే.
మంచం మీదికెల్లి దబ్బున లేచి
బిందె పట్టుకున్నడు యాకయ్య.

రాత్రి పదకొండు.
ఇద్దరం నవ్వి నవ్వి కూలవడ్డంక
ఫోన్ చూసిన.
మడికొండల్నే ఉన్నది.