ఐదువందల ఏడు

ఆమె పేరు సోలెన్.
బెళుగుప్ప నోట్లో రెండు దినాలకే సోలమ్మ అయింది.
కొర్రలు కొలిచి పోసే సోల.

మైకు పట్టుకొని మూడు వారాలు
మా ఉరుముల దళం వెంట తిరిగింది.
వంకర పుల్ల తోలు మీద రాసుకుంటూ పోతే
ఆ బొంగురు గుర్రు యాడ పుడుతుందోనని
చెవి ఆనించి వినింది.
ఆమె మాట మా మామకూ, మామ మాట ఆమెకూ
మోసేవాణ్ని నేను,
కళ్యాణదుర్గంలో రెండేళ్లు బీకాం చదివిన పాపానికి.

ఒక రాత్రి, చితుకుల మంట కాడ తోలు కాగుతుంటే
వాళ్ల దేశం లెక్క చెప్పింది.
ఏడాదికి ఐదువందల ఏడు గంటలు వాయించినట్టు
కాగితం చూపిస్తే
కచేరీ లేని దినాలకు కూడా కూలి వస్తుందంట.
తెలుగులో చెప్పేసి,
తప్పు చెప్పినానేమోనని మళ్లీ అడిగినాను.
తప్పు కాదు.

అక్కులప్ప నోట్లో బీడీ తీసి నవ్వినాడు.
"పని లేని దినానికి కూలా?
చేసిన కరువు పనికే నాలుగు నెల్లుగా పడలా."

హొన్నూరప్ప మామ నవ్వలేదు.
"గంటలు ఎట్ల కొలుస్తారో అడుగు."

మాకు గంటలు తెలీవు.
పొద్దు గుంకినాక ఎత్తుకుంటే
వేగుచుక్క పొడిచేదాకా ఒకటే వాయింపు.
పొలిమేర నుంచి గుడిదాకా నడక,
తోలు బిగిసేదాకా మంట కాడ కాపలా,
పూనకం వచ్చినామె ఒళ్లు వాలేదాకా
చేతులు పడిపోయినా ఆపకూడదు.
ఇందులో ఏది గంట?

సోలమ్మ వేళ్లు మడిచి చెప్పింది:
కచేరీ ఒకటికి పన్నెండని రాసుకుంటారు.

మామ బొగ్గు తీసుకున్నాడు, అరుగు మీద గీతలు.
అక్కమ్మ జాతర మూడు రాత్రులు.
చౌడమ్మ జ్యోతులకు రెండు.
రాయదుర్గం దిక్కు దేవర్లు ఏడు.
ఓటు వేయండని అనంతపురంలో వాయించింది ఒకటి,
అన్నం పొట్లమే ఇచ్చినారు, అదీ గీయి.
అవీ ఇవీ కలిపి ఇరవై ఆరు.
మూడువందల పన్నెండు గంటలు.
శెనక్కాయ ఎండిపోయిన ఏడు
దేవర చేసే ఊరేది?

"నీకెన్ని, సోలమ్మా?"

ఆమె మంటకేసి చూసింది.
పోయినేడు నలభై రెండు కచేరీలు.
ఫోన్లో గుణించినాను. ఐదువందల నాలుగు.
మూడు గంటలు తక్కువ.
నలభై మూడోది జరగాల్సిన హాలు,
నూరు మంది పట్టే చిన్నది,
మునిసిపాలిటీ డబ్బు ఆపేస్తే మూతపడిందంట.

కాసేపు ఎవరూ మాట్లాడలా.
మూడు గంటలంటే మాకు
ఒళ్లు వేడెక్కేదానికి కూడా చాలదు.

మరునాడు శుక్రవారం. మామ ఆమె పెట్టె తెప్పించినాడు.
చక్రం తిప్పితే తీగెలు మూలిగే చెక్కపెట్టె.
మా పుల్ల మాదిరే అదీ రాపిడే.
అక్కమ్మ గుడి ముందర బండ మీద కూర్చోబెట్టి
"వాయించు," అన్నాడు.
గొర్రెలు తోలుకుపోయే పిల్లోళ్లు నిలబడినారు.
మధ్యలో అక్కులప్ప ఉరుము ఎత్తుకున్నాడు.
రెండు మూలుగులు
కొత్త కుక్కల మాదిరి
ఒకదాన్నొకటి వాసన చూసుకొని
తర్వాత కలిసి నడిచినాయి.

అయిపోయినాక తమలపాకుల్లో నూటపదహార్లు పెట్టి ఇచ్చినాడు.
నా నోటుబుక్కులో ఒక పేజీ చింపమన్నాడు.
"రాయి. బెళుగుప్ప అక్కమ్మ ముందర
సోలమ్మ వాయించింది. కూలి ముట్టింది.
గంటలు పన్నెండు."
"గంటన్నరే కద మామా."
"వాళ్ల లెక్కే కద రా, రాయి."
కింద మామ వేలిముద్ర.
సాక్షి అక్కులప్ప, ఇంకో వేలు.

ఏ ఆఫీసులోనూ అది చెల్లదని
రాసిన నాకు తెలుసు, తీసుకున్నామెకు తెలుసు.
మామకు తెలీదని నేను అనుకోను.
మడిచి పాస్‌పోర్టులో పెట్టుకుంది.

గుంతకల్లులో రైలెక్కించి ఏడాదైంది.
ఈసారి మావి పందొమ్మిదే.
నిన్న మామ అరుగు మీది బొగ్గు కడిగేస్తా
నన్ను కేకేసినాడు:
"ఫోన్ చెయ్యి రా,
సోలమ్మకు ఈ ఏడు ఎన్నైనాయంటనో?"