వరస

కళ్యాణదుర్గం ఆఫీసు నుంచి ఈ ఏడు
ఆరు బొమ్మల పుస్తకాలొచ్చినాయి.
ఒకటి పండ్లు తోముకోమని, ఒకటి అబద్ధమాడొద్దని,
ఒకటి జారుడుబండ కాడ జంతువులు.
మిగతా మూడూ అట్టలూడి వచ్చినాయి.

నాకు జారుడుబండదే కావాల.
ఎందుకంటే మా వన్నూరు.

నాలుగేండ్లు. ఎప్పుడూ కారే ముక్కు.
గుడ్లు పెట్టేటప్పుడు చూడాల వాన్ని,
మోచెయ్యి ముందర, మనిషి ఎనక.
షబ్రీన్ పడె, హర్షిత పడె,
ఒకసారి హనుమక్క చేతిలో గిన్నె పడె.
నాలుగు గుడ్లు నల్లబండల మీద దొర్లుకుంటా పోయి
గడప కాడ ఆగినాయి,
యాడికి పోవాల్నో తెలీనట్టు.

చాప పరిచి పుస్తకం తెరిచినా.
ఏనుగు, ఎలుగుబంటి, కుందేలు, తాబేలు,
అన్నిటికీ చొక్కాలు. కోతికి ఎర్రది.
"కోతి కుందేలును తోసింది" అని చదివినా.
ఎవురికీ ఏమీ కాల్యా.
కండ్లు మిటకరిస్తా కూచున్నారు.
"నూకింది" అంటి.
అప్పుడు అందరూ "అబ్బా!" అన్నారు.
మా ఊర్లో ఎవురూ ఎవుర్నీ తోయరు, నూకుతారు.
ఆ మాటలోనే మోచెయ్యి ఉంది.

పేజీ తిప్పితే కుందేలు ఏడుస్తాంటాది.
ఇంకో పేజీలో కోతి పోయి వరస చివర నిలబడతాది.
ఆఖరుకి అందరూ నవ్వుతారు, సూర్యుడు కూడా.
"ఎండ ఎందుకు నవ్వుతాండాది?" అనె షబ్రీన్.
దానికి నా కాడ జవాబు లేదు.

వన్నూరు మాత్రం కోతి కాడే ఉండాడు.
పేజీ మీది వేలు తీయల్యా.
"చివర నిలబడితే దానికి నీళ్లొస్తాయా?"
నీళ్లు కాదురా, జారుడుబండ.
"అయిపోదా?"
జారుడుబండ అయిపోదు నాయనా.
వాడు నమ్మల్యా.
అయిపోనిది ఇంతవరకూ వాడు దేన్నీ చూడల్యా.

"మా యమ్మ నూకుతాది" అన్నాడు.
చాడీ కాదు, గొప్పా కాదు,
మా యమ్మ బుడ్డలు వలుస్తాది అన్నట్టు.
ఆనక, తలెత్తకుండానే,
"నువ్వు గూడా నూకితివి గదా మేడం, నిన్న."

హనుమక్క పొయ్యి పక్కకు తిరుక్కొని
లేని పొగకు దగ్గె.

నిన్న. ట్యాంకరు. నాలుగు రోజులకొకటి.
నాది పచ్చ బిందె.
గంగరత్నమ్మ భుజం నా మోచేతికి
మెత్తగా తగలడం గుర్తుంది.
వీని తల్లే గంగరత్నమ్మ.

ట్రైనింగులో మూడు రోజులు మాకు
చేతులు కడుక్కోవడం చూపించినారు,
కొళాయి ఇప్పి పెట్టి.
ఇట్లాంటి దానికి ఏం చెప్పాల్నో చెప్పల్యా.
పుస్తకం మూసి, పాలు పోయమంటి.

శుక్రవారం మళ్లీ హారన్ ఇనపడె.
కిటికీ ఊచల మధ్య అయిదు ముక్కులు.
నేను పోయి చివర నిలబడితి.
"ఏం టీచరమ్మా, ఒళ్లు బాగలేదా?" అనె ఎవురో.
సందు దొరికినోళ్లు దూరినారు.
నేను మంచిదాన్నయిపోయినానని చెప్పను,
రెండు మార్లు కాలు ముందుకు పోయె,
రెండు మార్లూ ఎనక్కి లాక్కుంటి.
గంగరత్నమ్మ నూకతానే ఉండె. ఇంట్లో ముగ్గురు పిల్లోళ్లు.
ఆమెను ఏమంటాను నేను?
నా వంతుకు పైపు బుస కొట్టడం మొదలుపెట్టె.
సగం బిందె.
నడుస్తాంటే నీళ్లు లోపల అటూ ఇటూ కొట్టుకుంటాండె,
నిండు బిందె ఆ చప్పుడు చేయదు.

సోమవారం గుడ్ల కాడ వన్నూరు నూకినాడు,
మామూలుగానే.
నూకి, ఎనక్కి తిరిగి నన్ను చూసినాడు.
ఆ చూపు ఇంతకుముందు లేదు.

సాయంత్రం పుస్తకాలు సర్దుతాంటే కనపడె:
వరస చివర, ఎర్ర చొక్కా కోతి చేతిలో
పచ్చ క్రేయానుతో ఒక బిందె,
కోతి కంటే పెద్దది.
గవర్నమెంటు పుస్తకం పాడు చేసినందుకు
వాన్ని తిట్టాల.
బిందె నిండా, అంచు దాటి,
తాబేలు కాళ్ల దాకా
నీలం గీకినాడు.